పగడాల దీవిలో అక్కతో

ఆదివారం

శంషాబాద్‌లో తెల్లవారకముందే విమానం ఎక్కి, బెంగళూరులో మారి, మధ్యాహ్నానికి మాలేలో దిగాం. హైదరాబాద్ నుంచి మాల్దీవులకు ఏ దారిన వెళ్లినా టికెట్లు కొనేముందు ఒక సంగతి చూసుకోవాలి. దూరపు దీవులకు తీసుకెళ్లే సీప్లేన్లు పగటి వెలుతురులోనే ఎగురుతాయి. సాయంత్రం దిగితే ఆ రాత్రి మాలే దగ్గరే ఎక్కడో పడుకోవాలి. ఇంకా అడుగైనా పెట్టని రిసార్ట్‌కి ఆ రాత్రి అద్దె కూడా కట్టాలి. అందుకే నిద్ర పోతే పోయిందని తొలి విమానమే పట్టుకున్నాం. వీసా గొడవ లేదు, దిగాక ఉచితంగా ఇచ్చేస్తారు. ప్రయాణానికి 96 గంటల ముందు నుంచి ఇమూగా అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఒక ఫారం నింపుకోవచ్చు, అది మాత్రం తప్పనిసరి.

ఈ ప్రయాణం అక్క కోసం. అక్క ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరైంది. నిడేరియా, అంటే పగడాలూ జెల్లీ చేపలూ ఉండే జీవుల వర్గం, పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద ప్రవాళ భిత్తికల, అంటే పగడాల దిబ్బల, బొమ్మలు వేసేది: తీర భిత్తిక, అవరోధ భిత్తిక, ఉంగరంలా ఉండే అటాల్. చాక్‌పీసుతో అలా ఎన్ని అటాల్స్ గీసిందో లెక్కలేదు, కళ్లతో చూసింది మాత్రం ఒక్కటీ లేదు. రిటైర్మెంట్ డబ్బులు చేతికొచ్చాక అందరూ బంగారం కొనుక్కోమనో, చార్‌ధామ్ వెళ్లమనో చెప్పారు. "నాకు పగడాలు బతికుండగా చూడాలనుంది" అంది అక్క. ఆ మాట అన్నాక నేను ఇంకెవరి సలహా విననివ్వలేదు. సగం డబ్బు నేను వేసుకున్నాను.

రిసార్ట్ ఎంచుకోవడానికి చాలా రోజులు పట్టింది. మాల్దీవుల్లో మొదటి రిసార్ట్ 1972లో మొదలైంది. అప్పటి నుంచీ ఒక దీవికి ఒకే రిసార్ట్ అన్న పద్ధతిలో నడుస్తున్నాయి. ఫొటోల్లో అన్నీ ఒక్కలాగే ఉంటాయి: నీళ్ల మీద గదులు, మంచం మీద పూలు, మంచినీళ్ల కొలను. మేము వాటిని చూడటం మానేసి రెండే ప్రశ్నలు మెయిల్‌లో అడిగాం. ఒడ్డు నుంచి ఈదుకుంటూ పగడాల దాకా వెళ్లొచ్చా? రిసార్ట్‌లో మెరైన్ బయాలజిస్ట్ ఉన్నారా? రెండిటికీ ఔనని వివరంగా జవాబిచ్చిన వాళ్లనే ఎంచుకున్నాం. అది బా అటాల్‌లో ఉంది. 2011లో యునెస్కో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా గుర్తించిన అటాల్ అది.

మేము వెళ్లిన సెప్టెంబర్ అక్కడ నైరుతి రుతుపవనాల కాలం. ఎండ, ప్రశాంతమైన సముద్రం కావాలనుకునేవాళ్లు డిసెంబర్ నుంచి ఏప్రిల్ మధ్య వెళ్తారు, రేట్లూ అప్పుడే మండిపోతాయి. మాకు కావాల్సింది మాంటాలు, రెక్కల్లాంటి మొప్పలతో ఈదే పెద్ద టేకు చేపలు. అవి ఈ అటాల్‌కి గుంపులుగా వచ్చేది వానల్లోనే. పైగా పున్నమికీ అమావాస్యకీ పోటు బలంగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువగా వస్తాయట. వినాయక నిమజ్జనం అనంత చతుర్దశికి కదా, మర్నాడే పున్నమి. అందుకని ట్యాంక్‌బండ్ మీద క్రేన్లు ఇంకా తీయకముందే మేము సూట్‌కేసులు సర్దుకున్నాం. అంతకుముందు రెండు నెలల పాటు కాలనీ స్విమ్మింగ్ పూల్‌లో ఆడవాళ్ల బ్యాచ్‌లో చేరి మాస్క్, స్నార్కెల్ పెట్టుకుని ఊపిరి తీసుకోవడం నేర్చుకున్నాం. ఈత బాగా రాకపోయినా ఫర్వాలేదు, లైఫ్ జాకెట్ తేలుస్తుంది. కానీ నీళ్లలో మొహం పెట్టి నోటితో గాలి పీల్చడం ముందే అలవాటైతే అక్కడ టెన్షన్ ఉండదు.

సీప్లేన్ లాంజ్‌లో చాలాసేపు కూర్చున్నాం. పెట్టె 20 కిలోలు, చేతి సంచి 5 కిలోలు, దాటితే డబ్బు కట్టాలి. తర్వాత పదిహేను సీట్ల ట్విన్ ఆటర్ ఎక్కించారు. పైలట్లు చెప్పులు లేకుండా, నిక్కర్లతో ఉన్నారు. లోపల హోరు ఎంతలా ఉంటుందంటే చెవుల్లో పెట్టుకోవడానికి దూది బిళ్లలు వాళ్లే ఇస్తారు. గాల్లోకి లేచిన పది నిమిషాలకు అక్క నా మోచెయ్యి పట్టుకుంది. కింద ముదురు నీలం మధ్యలో లేత ఆకుపచ్చ వలయాలు, ఒకదాని పక్కన ఒకటి, చూపు ఆనినంత మేరా.

"చూడవే, అచ్చం బొమ్మలాగే ఉంది" అని నా చెవిలో అరిచింది. ఆ హోరులోనే పాఠం మొదలుపెట్టింది. సముద్రంలోంచి ఒక అగ్నిపర్వతం లేస్తుంది. దాని ఒడ్డు చుట్టూ పగడాలు పెరుగుతాయి. కొండ మెల్లగా కుంగుతుంటే, పగడాలు వెలుతురు కోసం పైపైకి కట్టుకుంటూ వస్తాయి. చివరికి కొండ పూర్తిగా మునిగిపోయి పగడాల ఉంగరం మిగులుతుంది. డార్విన్ 1842లో ఈ సంగతి రాశాడు. 1952లో పసిఫిక్‌లోని ఎనివెటాక్ అటాల్‌లో బోరు వేస్తే 1,200 మీటర్లకు పైగా సున్నపురాయి, దాని అడుగున అగ్నిపర్వత శిల తగిలాయి.

నాకు అంతకంటే ఆశ్చర్యం కలిగించింది తర్వాత చెప్పిన మాట. మాల్దీవుల అడుగున ఉన్న నల్లరాయికీ మన వికారాబాద్ వైపు కనిపించే నల్లరాయికీ పుట్టుక ఒకటేనట. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద భూగర్భంలోని ఒక వేడి చోటు మీదుగా మన భూఫలకం జరుగుతున్నప్పుడు దక్కన్ లావా పొంగింది. ఫలకం ఉత్తరానికి జరిగే కొద్దీ అదే వేడి లక్షద్వీప్‌కీ, మాల్దీవులకీ, చాగోస్‌కీ పునాదులు వేసింది. ఇప్పుడు అది రీయూనియన్ దీవి కింద ఉంది. అనంతగిరి దారిలో టీ తాగడానికి ఎన్నిసార్లు ఆగామో. ఆ రాళ్లకు ఇక్కడ నీళ్లలో చుట్టాలున్నారని ఇన్నాళ్లూ నాకు తెలియదు.

దిగగానే చెప్పులు ఒక సంచిలో పెట్టించుకున్నారు. దీవంతా ఇసుక, చెట్లు. గదికి మరో గది కనపడదు, మధ్యలో మొగలి పొదలు అడ్డం. రిసార్ట్ గడియారం మాలే కంటే గంట ముందుకు తిప్పి ఉంది. సాయంత్రం వెలుతురు ఎక్కువసేపు దొరకాలని ఇక్కడ చాలా రిసార్ట్‌లు అలా చేసుకుంటాయి. గది గొప్పగా ఉంది. పైకప్పు లేని స్నానాల గది, అలలు వినపడే మంచం. దాని గురించి ఇంతకంటే చెప్పను.

సోమవారం

పొద్దున్నే మెరైన్ బయాలజిస్ట్ వచ్చింది. మాల్దీవుల అమ్మాయే, పాతికేళ్లుంటాయేమో. అక్క ఏం చదివింది, ఏం చెప్పేది అని అడిగి తెలుసుకున్నాక ఆ అమ్మాయి నడక వేగం తగ్గించేసింది. ఇద్దరూ మాట్లాడుకుంటూ ముందు నడుస్తుంటే నేను మాస్కులు పట్టుకుని వెనకాల.

ఒడ్డు నుంచి ముప్ఫై, నలభై అడుగులు మోకాలి లోతే. అక్కడే నల్ల మొన రెక్కల సొరపిల్లలు, మూరెడు కూడా లేవు, మా కాళ్లకు దూరంగా తిరుగుతున్నాయి. మనుషుల్ని ఏమీ చేయవు. మాల్దీవులు 2010లో సొరచేపల వేటను పూర్తిగా నిషేధించాయి, అందుకే ఇన్ని కనిపిస్తున్నాయని ఆ అమ్మాయి చెప్పింది. తర్వాత అడుగు ఒక్కసారిగా జారిపోయింది. పగడాల గోడ అక్కడి నుంచి నిలువుగా దిగుతుంది.

అక్క మొహం నీళ్లలో పెట్టింది. చాలాసేపు తల ఎత్తలేదు.

నేను చూసినవాటిలో ఒక్కటి చెబుతాను. చిలుక చేప. ఇంగ్లీషులో ప్యారట్ ఫిష్ అంటారు, పళ్లన్నీ కలిసి ముక్కులా ఉంటాయి. ఒంటి మీద నీలం, గులాబి, ఆకుపచ్చ రంగులు. అది ఒక రాయి దగ్గర ఆగి కొరికింది. ఆ కొరుకుడు నాకు నీళ్లలో స్పష్టంగా వినిపించింది, కరకరమని. రాయి మీద రెండు తెల్లటి గాట్లు పడ్డాయి. పగడపు రాయి మీది నాచునూ, అందులోని సున్నాన్నీ కలిపి నమిలేసి, కాసేపటికి తోక వెనక నుంచి తెల్లటి పొడిని ధారగా వదిలింది. ఆ పొడే ఇసుక. పెద్ద చేప ఒక్కటే ఏడాదికి వందల కిలోల ఇసుక చేస్తుంది. మేము పొద్దున కాళ్ల కింద మెత్తగా ఉందని మురిసిపోయిన ఒడ్డులో చాలా భాగం ఇలా వచ్చిందే. ఆ చేపలు లేకపోతే ఈ ఒడ్డూ లేదు, రిసార్ట్ కూడా లేదు.

ఒక సీ అనిమోన్, అంటే పువ్వులా కనపడే సముద్ర జీవి, చేతుల మధ్య నారింజ రంగు చేపలు కనపడ్డాయి. ఒడ్డుకొచ్చాక అక్క ఆ అమ్మాయిని ఆపి మరీ నాకు వివరించింది. ఆ కుటుంబంలో అన్నిటికంటే పెద్దది ఆడచేప, పెత్తనం దానిదే. అది చనిపోతే దాని జత మగచేపే ఆడదిగా మారి ఆ స్థానం తీసుకుంటుంది. "పరీక్షలో ఎన్నోసార్లు అడిగాను ఈ ప్రశ్న" అంది అక్క, తడి జుట్టు తుడుచుకుంటూ.

అన్నీ అందమైన సంగతులే కావు. గోడ పైభాగంలో చాలా మేర బూడిద రంగు, విరిగిన కొమ్మలు. పగడం ఒంట్లో సూక్ష్మమైన శైవలాలు, అంటే నాచు జాతివి, కాపురం ఉంటాయి. దానికి తిండి పెట్టేదీ, రంగునిచ్చేదీ అవే. నీటి వేడి మామూలు కంటే ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం వాటిని బయటికి తోసేస్తుంది, తెల్లగా పాలిపోతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చచ్చిపోతుంది. 1998లో ఎల్‌నినో వచ్చినప్పుడు మాల్దీవుల్లో లోతు తక్కువ ఉన్న చోట్ల పగడాలు చాలావరకు చనిపోయాయి. కోలుకుంటున్నాయి అనుకునేసరికి 2016లో మళ్లీ, 2024లో మళ్లీ. ఈ రిసార్ట్‌లో ఇనప చట్రాలకు పగడపు ముక్కలు కట్టి ఇసుక మీద ఉంచుతున్నారు. అక్క ఒక చట్రానికి తన చేత్తో ముక్కలు కట్టింది. కేబుల్ టై బిగించే ముందు ప్రతి ముక్కనూ కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది.

మధ్యాహ్నం నేను నిద్రపోయాను. అక్క మళ్లీ నీళ్లలోకి వెళ్లింది.

మంగళవారం

పొద్దుటి నుంచీ వాన. గాలికి కొబ్బరి మట్టలు రాలుతున్నాయి, పడవలు వేయలేదు.

టిఫిన్ దగ్గర ఒక మంచి సంగతి జరిగింది. అక్క శాకాహారి. ఇక్కడి వాళ్ల పొద్దుటి తిండి మస్ హునీ: ట్యూనా, కొబ్బరి కోరు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం చేత్తో పిసికి కలిపి, రోషీ అనే పలుచటి రొట్టెతో తింటారు. ట్యూనాను ఇక్కడ వలలతో పట్టరు, గేలంతో ఒక్కొక్కటిగా పడతారు. చేప వద్దన్నామని వంటాయన లోపలికి వెళ్లి మునగాకుతో కలిపి తెచ్చాడు. మునగాకు సన్నగా తరిగి, కొబ్బరి, ఉల్లి, కారమైన మిరపకాయ వేసి, ఉప్పుతో నలిపాడు. అక్క రెండోసారి వడ్డించుకుంది. "మన ఇంట్లో మునగాకు పచ్చిగా ఎప్పుడూ తినలేదు కదే" అని ఎలా చేశారో అడిగి తెలుసుకుంది. ముదురు ఈనెలు తీసేయాలట, ఉప్పు వేసి ముందు ఆకునే నలపాలట, నిమ్మకాయ చివరన పిండాలట. ఆ తర్వాత రోజూ మాకు అదే పెట్టాడు.

వాన తెరిపిచ్చాక దీవి వెనక భాగం చూపించమని అడిగాం. సాధారణంగా అతిథులు అడగరు, అడిగితే సంతోషంగా చూపిస్తారు. ఇలాంటి చోటికి వెళ్లిన వాళ్లందరూ ఒకసారి చూడాల్సిందే అంటాను. దీవిలో నది లేదు, చెరువు లేదు. ఇసుక కింద ఉన్న పలుచటి మంచినీటి పొర తోడితే ఉప్పునీళ్లు వచ్చేస్తాయి. అందుకే సముద్రపు నీటిని పెద్ద ఒత్తిడితో పొరల గుండా తోసి ఉప్పు తీస్తారు. ఇంట్లో ఆర్వో చేసే పనే, పరిమాణం వేరు. కరెంటు కోసం డీజిల్ జనరేటర్లు, కప్పుల మీద సోలార్ పలకలు. నీళ్లు అక్కడే గాజు సీసాల్లో నింపుతారు. స్నానాల గదిలో షవర్ కింద నిలబడే నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూశాక మేమిద్దరం కుళాయి త్వరగా కట్టేయడం మొదలుపెట్టాం.

పడమటి ఒడ్డున ఇసుక సంచులు పేర్చి ఉన్నాయి. రుతుపవనాలతో పాటు ఇసుక దీవి చుట్టూ తిరుగుతుంది. నైరుతి గాలికి ఒక వైపు కోసుకుపోయి మరో వైపు చేరుతుంది, ఈశాన్య గాలికి వెనక్కి వస్తుంది. అది ఎప్పుడూ ఉన్నదే. ఇప్పుడు భయం సముద్రమట్టం గురించి. దేశం మొత్తం సగటు ఎత్తు సముద్రం మీద మీటరున్నర. మా సికింద్రాబాద్ ఇంటి మెట్లు అంతకంటే ఎత్తు. 2004 డిసెంబర్ 26 సునామీకి కొన్ని దీవులు పూర్తిగా ఖాళీ చేయాల్సి వచ్చింది. అలను విరిచే మొదటి గోడ పగడాల దిబ్బే. నిన్న అక్క కట్టిన చట్రాన్ని నేను ఆ తర్వాత వేరే కళ్లతో చూశాను.

సాయంత్రమంతా వరండాలో కూర్చున్నాం. ఫోన్ తీయాలనిపించలేదు. ఈ మధ్య అక్కతో ఇన్ని గంటలు ఎవరూ మధ్యలో పిలవకుండా కూర్చున్నది ఎప్పుడో గుర్తులేదు. అమ్మ గురించి మాట్లాడుకున్నాం, ఇంట్లో అయితే మొదలుపెట్టం కూడా.

బుధవారం

హనిఫారు.

బా అటాల్ తూర్పు అంచున ఉన్న చిన్న బే, అంటే అఖాతం, అది. నైరుతి రుతుపవనాల ప్రవాహం దీవుల వరుసను దాటేటప్పుడు లోతు నీళ్లలోని పోషకాలు పైకి వస్తాయి, వాటితో ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే చిన్న చిన్న జీవులు, పెరుగుతుంది. పోటు సమయంలో ఆ ప్లాంక్టన్ గరాటా ఆకారంలో ఉన్న ఈ బేలోకి కొట్టుకొచ్చి ఇరుక్కుపోతుంది. మాంటాలు దాని కోసం వస్తాయి. 2009 నుంచి రక్షిత ప్రాంతం. స్కూబా నిషేధం, స్నార్కెల్ మాత్రమే. పడవలు లోపలికి రాకూడదు, మనిషికి 45 నిమిషాలే, రేంజర్లు గడియారం చూస్తుంటారు. ప్రవేశ రుసుము ఉంటుంది. ఆ నియమాలు చదివినప్పుడు కఠినంగా అనిపించాయి. అక్కడ దిగాక ఇంకా కఠినంగా ఉన్నా ఫర్వాలేదనిపించింది.

పొద్దున వెళ్లలేదు. పోటు మధ్యాహ్నం వస్తుందని, రేంజర్ల నుంచి కబురు రావాలని ఆగాం. కబురు రాగానే అందరం పరుగున పడవ ఎక్కాం. అక్క ఒళ్లంతా కప్పే నల్లటి ఈత దుస్తులు వేసుకుంది, అబిడ్స్‌లో కొన్నది. పడవలో స్థానిక ఆడవాళ్లూ అలాంటివే వేసుకున్నారు కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు. పైగా ఒంటికి బట్ట ఉంటే సన్‌స్క్రీన్ అంత పూసుకోనక్కర్లేదు, పగడాలకూ మేలు.

నీళ్లు పచ్చగా, మసకగా ఉన్నాయి. అదంతా ప్లాంక్టనే. మొదట ఏమీ కనపడలేదు. మా గైడ్ చెయ్యి చాపి ఒక వైపు చూపించింది. ఆ మసకలోంచి ముందు ఒక తెల్లటి నోరు వచ్చింది. తర్వాత రెక్కలు. మూడు మీటర్లు దాటి ఉంటాయి. ఒక్కసారి ఊపితే దుప్పటి దులిపినట్టు అంచు దాకా అల పాకుతుంది. నోటికి రెండు పక్కలా ఉండే మడతలు విప్పి, నీళ్లను నోట్లోకి మళ్లించుకుంటూ నేరుగా నా వైపు వచ్చింది. మొప్పల చీలికలు ఐదు జతలు, లోపల గులాబి రంగు. కదలొద్దని ముందే చెప్పారు కాబట్టి చేతులు కట్టుకుని తేలుతూ ఉండిపోయాను. తగలకుండా, తడబడకుండా, నా కింద నుంచి ఒంపు తిరిగి వెళ్లిపోయింది. ఆ ఒంపులో దాని కన్ను కనపడింది. అది నన్ను చూసింది. చేపలన్నిటిలోకీ పెద్ద మెదడు మాంటాలదే అని అక్క తర్వాత చెప్పింది గానీ, ఆ కన్ను చూశాక నాకు ఆ సాక్ష్యం అక్కర్లేకపోయింది.

దాని వెనక మరొకటి, ఇంకొకటి. ఒకదాని తోక వెనక ఒకటి వరుసకట్టి తిరుగుతున్నాయి. ఒకటి ఉన్నచోటే వెనక్కి పల్టీలు కొడుతూ తింటోంది. పల్టీ కొట్టిన ప్రతిసారీ తెల్లటి పొట్ట, దాని మీద నల్లటి మచ్చలు. మన వేలిముద్రల మాదిరిగా ఆ మచ్చలు ఏ రెండిటికీ ఒక్కలా ఉండవు. వాటిని ఫొటో తీసి, పాత ఫొటోలతో పోల్చి, మాల్దీవుల్లో వేల మాంటాలను విడివిడిగా గుర్తుపడుతున్నారు. మన తీరంలో టేకు చేప అంటారే, దాని వంశమే. కానీ వీటికి ముల్లు లేదు. చైనా మందుల వ్యాపారంలో వీటి మొప్పలకు గిరాకీ ఉంది, చాలాచోట్ల దాని కోసం చంపుతారు. ఇక్కడ 2014 నుంచి అన్ని రకాల టేకు చేపలకూ రక్షణ ఉంది.

మధ్యలో అక్క కోసం తల ఎత్తి చూశాను. గైడ్ చెయ్యి పట్టుకుని ఉంది. స్నార్కెల్ గొట్టంలోంచి ఏదో శబ్దం వస్తోంది. ఊపిరి ఆడటం లేదేమోనని కంగారుగా దగ్గరికి వెళ్లాను. ఊపిరి కాదు, మాట్లాడుతోంది. గొట్టంలోంచే, వాటితోనే. ఏమందో నాకు తెలియలేదు, అడగలేదు.

టైమ్ అయిందని విజిల్ వేశారు. పడవలో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. తువ్వాలు కప్పుకున్నాక అక్క నాతో అన్నది ఒక్కటే: "బోర్డు మీద వేసిన బొమ్మలో సైజు చెప్పలేం కదే."

గురువారం

మనుషులు ఉండే దీవి చూడాలని ధరవందూ వెళ్లాం. రిసార్ట్‌లో బికినీలు, మద్యం అన్నీ ఉంటాయి. ఊళ్లు ఉన్న దీవుల్లో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, మద్యం ఉండదు. చీరలో వెళ్లిన అక్కకు ఎక్కడా ఇబ్బంది కాలేదు.

ఇసుక వీధులు, శుభ్రంగా ఊడ్చి ఉన్నాయి. ఇళ్ల ముందు ఇనప చట్రానికి తాళ్ల వల అల్లిన కుర్చీలు, అందులో కాళ్లు వేలాడేసుకుని ఆడవాళ్ల కబుర్లు. ఒక ఇంటి ముందు ఉయ్యాల బల్ల. స్కూలు గోడ మీద రాతలు కుడి నుంచి ఎడమకు, తానా లిపి. ఒక పెద్దావిడ మమ్మల్ని ఆపి నీడలో కూర్చోబెట్టి కొబ్బరినీళ్లు ఇచ్చింది. డబ్బు తీస్తే చెయ్యి వెనక్కి నెట్టేసింది. ఆవిడ మనవరాలు ఇంగ్లీషులో తర్జుమా చేసింది. మేము అక్కాచెల్లెళ్లమని, మొగుళ్లూ పిల్లలూ లేకుండా వచ్చామని తెలిసి ఆవిడకు ఎంత ఆనందమో. బావగారు అప్పుడే వీడియో కాల్ చేస్తే ఆయనకూ సలాం చెప్పింది.

తిరిగొచ్చాక సాయంత్రం ఒడ్డున గవ్వలు కనపడ్డాయి, పసుపు పచ్చటివి, చిన్నవి. మనం అష్టాచెమ్మా, వైకుంఠపాళీ ఆడే గవ్వలే. శతాబ్దాల పాటు మాల్దీవుల నుంచి ఓడలకొద్దీ గవ్వలు బెంగాల్‌కీ ఒడిశాకీ వెళ్లేవి, అక్కడ బజార్లో డబ్బుగా చెల్లేవి. ఈ ఇసుకలో దొరికినదానితో ఎక్కడో ఒకరు బియ్యం కొనుక్కునేవారు. అక్క ఒక గవ్వను అరచేతిలోకి తీసుకుంది. కాసేపటికి అందులోంచి ఎర్రటి కాళ్లు బయటికి వచ్చాయి, తర్వాత కాడల మీద రెండు కళ్లు. సన్యాసి పీత. మెత్తటి వెనక భాగాన్ని దాచుకోవడానికి ఖాళీ గుల్లలో దూరుతుంది, ఒళ్లు పెరిగితే మరో గుల్ల వెతుక్కుంటుంది. అందుకే ఖాళీ గవ్వ కూడా ఏరుకోవద్దని రిసార్ట్ వాళ్లు చెబుతారు. పగడపు ముక్కలు దేశం దాటించడం ఎలాగూ చట్టవిరుద్ధం, పట్టుకుంటే పెట్టె విప్పి తీసేస్తారు. అక్క దాన్ని పొద కింద వదిలింది. పక్కన ఖాళీగా పడి ఉన్న పెద్ద గవ్వను కూడా దాని దగ్గరికి జరిపింది.

శుక్రవారం

బిల్లు గురించి చెప్పాలి, లేకపోతే వెళ్లాలనుకునేవాళ్లకు అన్యాయం. గది ధర చూసి లెక్క వేసుకోవద్దు. దాని మీద పది శాతం సర్వీస్ చార్జి, ఆపైన పర్యాటక జీఎస్టీ ఉంటాయి. ఆ జీఎస్టీ 2025 జూలై నుంచి 17 శాతం. ఇవి కాక గ్రీన్ ట్యాక్స్: 2025 జనవరి నుంచి రిసార్ట్‌లలో మనిషికి రాత్రికి 12 డాలర్లు. సీప్లేన్‌కి రానూపోనూ మనిషికి కొన్ని వందల డాలర్లు, చాలాసార్లు గది ధరలో కలవదు. భోజనం విడిగా కొంటే దీవిలో మరో దుకాణం ఉండదు కాబట్టి ముందే మూడు పూటలూ కలిపిన ప్లాన్ తీసుకోవడం మేలు. మేము అలాగే తీసుకున్నాం, చివర్లో కంగారు లేకుండా పోయింది. నీళ్ల మీద గది కంటే ఒడ్డు మీద గది చవక. మాది ఒడ్డు మీదే. మిగిలిన డబ్బు హనిఫారుకీ పడవలకీ పెట్టాం. నన్నడిగితే ఎవరైనా అలాగే చేయాలి. కొలను ఉన్న గది శామీర్‌పేటలో కూడా దొరుకుతుంది. చిలుక చేప కొరికే చప్పుడు దొరకదు. రిసార్ట్ వాళ్లను హౌస్ రీఫ్, అంటే ఆ దీవి ఒడ్డునే ఉన్న పగడాల దిబ్బ, గురించి అడిగితే జవాబు దాటేసి స్పా గురించి చెప్పారంటే ఆ దీవిని వదిలేయండి.

మెరైన్ బయాలజిస్ట్ అమ్మాయి జెట్టీ దాకా వచ్చింది. అక్క కట్టిన చట్రం ఫొటోలు ఆరు నెలలకోసారి మెయిల్ చేస్తామంది. మా పడవ తాడు విప్పే దాకా ఇద్దరూ ఏదో శైవలం పేరు మీద వాదించుకుంటూనే ఉన్నారు.

మాలే ఎయిర్‌పోర్టులో కూర్చున్నప్పుడే అక్క లక్షద్వీప్ గురించి ఫోన్‌లో చూడటం మొదలుపెట్టింది. అదే కొండల వరుస, అవే అటాల్స్, మన దేశంలోనే. పర్మిట్ కావాలి, కొచ్చి నుంచి ఓడలో గానీ అగత్తికి విమానంలో గానీ వెళ్లొచ్చు. పాస్‌పోర్టు మాత్రం అక్కర్లేదు. బావగారికి పాస్‌పోర్టు లేదు, చేయించుకోమని ఎన్నేళ్లుగా చెప్పినా వినలేదు. అక్క అక్కడి నుంచే ఆయనకు ఫోన్ చేసి, సోమవారం నుంచి స్విమ్మింగ్ పూల్‌లో మగవాళ్ల బ్యాచ్‌లో చేరమని చెప్పింది.